జలుబు చేసిందా? గ్రౌండ్‌కు వెళ్లే ముందు నాడి చూసుకోండి

సంపాదకుల వారికి,

నమస్కారం. వానలు పడగానే ఊరూరా జలుబులు మొదలవుతాయి. పోలీసు, అగ్నివీర్ ఉద్యోగాల ఈవెంట్స్‌కు (పరుగు, లాంగ్ జంప్ లాంటి శారీరక పరీక్షలకు) తయారయ్యే పిల్లలు మాత్రం ముక్కు చీదుకుంటూనే తెల్లవారుజామున ఐదింటికి గ్రౌండ్‌లో ఉంటారు. ‘నాలుగు రౌండ్లు కొట్టు, చెమట పడితే జలుబు దిగిపోతుంది’ అని కోచింగ్ ఇచ్చేవాళ్లు అంటారు. ‘రొంపతో పరుగెడితే గుండెకు దెబ్బ, వారం దాకా మంచం దిగొద్దు’ అని ఇంట్లో పెద్దలు అంటారు. ఈ రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత ప్రమాదం ఉంది. ఏ రోజు ఏ మాట వినాలో తేల్చుకోవడానికి ఒక థర్మామీటరు, సెకన్ల ముల్లున్న గడియారం, పొద్దున్నే ఐదు నిమిషాల సమయం చాలు. ఆ పని ఎలా చేయాలో మీ పాఠకుల కోసం వివరంగా రాస్తున్నాను.

ముందుగా చెమట సంగతి. జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో ఎక్కువగా కనిపించేది రైనోవైరస్. అది ముక్కు, గొంతు లోపలి పొరల కణాల్లో పెరుగుతుంది. చర్మం మీది చెమటతో అది బయటికి పోదు. పరుగెత్తిన తర్వాత ముక్కు కాసేపు తెరుచుకోవడం మాత్రం నిజమే. వ్యాయామంలో విడుదలయ్యే అడ్రినలిన్ ముక్కులోని రక్తనాళాలను కుదిస్తుంది కాబట్టి గాలి బాగా ఆడుతుంది. కాసేపట్లో మళ్లీ మూసుకుపోతుంది. ఈ తాత్కాలిక ఉపశమనాన్ని చూసే చెమటకు జలుబు పోతుందనే నమ్మకం పుట్టి ఉంటుంది.

వ్యాయామం జలుబును తగ్గించకపోతే, పెంచుతుందా? అమెరికాలోని బాల్ స్టేట్ విశ్వవిద్యాలయంలో థామస్ వైడ్నర్ బృందం 1990ల్లో దీన్ని నేరుగా పరీక్షించింది. 50 మందికి రైనోవైరస్‌ను కావాలనే ఎక్కించి, వాళ్లలో 34 మంది చేత పది రోజుల పాటు రోజు విడిచి రోజు 40 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చేయించారు. మిగతా 16 మంది చేయలేదు. జలుబు ఎన్ని రోజులు ఉందన్నదాంట్లోనూ, ఎంత బాధ పెట్టిందన్నదాంట్లోనూ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అయితే ఈ ఫలితాన్ని ఉన్నదానికంటే పెద్దది చేసి చూడకూడదు. వాళ్లు ఆరోగ్యంగా ఉన్న యువకులు. వచ్చింది మామూలు జలుబు, చేసింది మధ్యస్థ వ్యాయామం. ఊపిరి అందకుండా పరుగెత్తే 1600 మీటర్ల ట్రయల్‌కు ఆ ఫలితం వర్తించదు, జ్వరం ఉన్నవాళ్లకు అసలే వర్తించదు.

ఇక పొద్దున్న చేయాల్సిన పని. నిద్ర లేచాక మంచం దిగకముందే నాడి చూసుకోవాలి. అరచేయి పైకి తిప్పి, బొటనవేలి మొదట్లో మణికట్టు పక్కన చూపుడు వేలు, మధ్య వేలు ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు, దాని సొంత నాడి కలిసి లెక్క తప్పుతుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించే అలవాటు చాలామందికి ఉంది. ఒక్క దెబ్బ తప్పితే నాలుగు తేడా వస్తుంది కాబట్టి నిండు నిమిషం లెక్కపెట్టడమే మేలు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు వారం రోజులు ఇలా రాసుకుంటే మీ సొంత సగటు తెలుస్తుంది. ఒకరికి 58 మామూలు, మరొకరికి 74 మామూలు, పక్కవాడి అంకెతో పని లేదు. మీ సగటు కంటే 10 గానీ అంతకు మించి గానీ పెరిగిన రోజు పరుగు వద్దు. శరీర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే నాడి నిమిషానికి సుమారు 8 నుంచి 10 పెరుగుతుంది. ఒంట్లో పోరాటం మొదలైన సంగతి జ్వరం పైకి తెలియకముందే కొన్నిసార్లు నాడిలో కనిపిస్తుంది.

తర్వాత థర్మామీటరు. నాలుక కింద పెట్టేటట్లయితే టీ, కాఫీ, చల్లటి నీళ్లు తాగాక అరగంట ఆగాలి. చంకలో పెడితే నోట్లో కంటే అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ వరకు తక్కువ చూపిస్తుంది. చంకలో 99.6 వచ్చిందని ధీమాగా ఉండటానికి లేదు. 100.4 దాటితే జ్వరమే. ఒళ్లు నొప్పులు, చలి కూడా ఉంటే 99.5 దగ్గరే ఆ రోజు ప్రాక్టీస్ మానేయాలన్నది నా సలహా. పారాసిటమాల్ వేసుకున్నాక చూసే ఉష్ణోగ్రతకు విలువ లేదు. ఆ మాత్ర కొన్ని గంటలపాటు జ్వరాన్ని కప్పి ఉంచుతుంది. రాత్రి మాత్ర వేసుకుని పొద్దున ‘జ్వరం లేదు సార్’ అని గ్రౌండ్‌కు వచ్చేవాళ్ల విషయంలో శిక్షకులు జాగ్రత్తగా ఉండాలి. ‘జ్వరం ఉందా’ అని అడిగి ఊరుకోకుండా ‘మాత్ర ఎప్పుడు వేసుకున్నావు’ అని కూడా అడగాలి.

పెద్దవాళ్లలో మామూలు జలుబుకు జ్వరం రావడం అరుదు. అందుకే జ్వరం వచ్చిందంటే దాన్ని ‘జలుబు జ్వరం’ అని తోసేయకుండా ఫ్లూ గానీ మరొకటి గానీ అయ్యుంటుందని అనుమానించాలి.

మూడోది మెడ గీత. అమెరికా క్రీడా వైద్యుడు రాండీ ఐక్నర్ 1993లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ముక్కు కారడం, తుమ్ములు, ముక్కు దిబ్బడ, కొద్దిపాటి గొంతు గరగర, ఇవన్నీ మెడకు పైనుండే లక్షణాలు. ఇవి మాత్రమే ఉండి, నాడి, ఉష్ణోగ్రత సరిగా ఉంటే తేలికపాటి వ్యాయామం చేయవచ్చు. ఛాతీలోంచి వచ్చే దగ్గు, కఫం, ఆయాసం, ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు మెడకు కిందివి. వీటిలో ఒక్కటి ఉన్నా విశ్రాంతే. ఈ గీతను ఒక్కదాన్నే నమ్ముకుంటే ఒక చిక్కుంది. ఫ్లూ కూడా ఒక్కోసారి ఉదయం గొంతు గరగరతో మొదలై సాయంత్రానికి 102 జ్వరంలోకి దిగుతుంది. జలుబు రెండు మూడు రోజుల్లో నెమ్మదిగా ముదురుతుంది, ఫ్లూ గంటల్లో కూలదోస్తుంది. కాబట్టి మొదటి రోజు ఎంత తేలిగ్గా అనిపించినా సగం పనితో ఆపి, రెండో రోజు నాడి చూసి నిర్ణయించుకోవడం మంచిది.

సగం పని అంటే ఎంత? తెలంగాణలో 2022 పోలీసు నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలి. అంటే 400 మీటర్ల రౌండుకు సుమారు 1 నిమిషం 49 సెకన్లు. జలుబు ఉన్న రోజు అదే రౌండు 3 నిమిషాలకు తగ్గకూడదు, అవసరమైతే నడవాలి. పక్కనున్న వాళ్లతో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. పది నిమిషాలయ్యాక ఆగి చూసుకోండి. తల దిమ్మెక్కినట్టుగా, అడుగడుగుకీ పోటు వస్తున్నట్టుగా, కాళ్లు బరువెక్కినట్టుగా ఉంటే ఇంటికి వెళ్లిపోవాలి. తేలిగ్గా ఉంటే మరో ఇరవై నిమిషాలు, అంతే. ఆ రోజు ఇంటర్వల్స్ (ఆగి ఆగి వేగంగా తీసే పరుగులు) వద్దు, గడియారం పెట్టి పరుగెత్తే టైమ్ ట్రయల్ వద్దు, లాంగ్ జంప్ వద్దు. 7.26 కిలోల షాట్‌పుట్ విసిరేటప్పుడూ, జిమ్‌లో బరువులెత్తేటప్పుడూ ఊపిరి బిగబడతాం. సైనస్‌లు నిండి ఉన్నప్పుడు ఆ ఒత్తిడి తలకూ చెవులకూ కొడుతుంది. శీర్షాసనం, కపాలభాతి విషయమూ అంతే. ముక్కు మూసుకున్నప్పుడు ఈత కొడితే చెవి పోటు రావడం మామూలు.

ఇంట్లో పెద్దలు భయపడే గుండె సంగతికి వస్తాను. ఆ భయం ఉత్తది కాదు. కొన్ని వైరస్‌లు, ముఖ్యంగా కాక్సాకీ బి రకం, గుండె కండరానికి వాపు తెస్తాయి. దీన్ని మయోకార్డైటిస్ అంటారు. 1970లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఈ తరహా వైరస్ సోకిన ఎలుకలను బలవంతంగా ఈదించినప్పుడు వాటి గుండెలో వైరస్ బాగా పెరిగి, ఎక్కువ ఎలుకలు చనిపోయాయి. స్వీడన్‌లో 1979 నుంచి 1992 వరకు అడవుల్లో దారి వెతుక్కుంటూ పరుగెత్తే ఓరియెంటీరింగ్ క్రీడాకారుల్లో చిన్న వయసువాళ్లు 16 మంది హఠాత్తుగా మరణించారు. వాళ్లలో కొందరి గుండెల్లో ఈ వాపు కనిపించింది. అక్కడి క్రీడాసంఘం కొన్ని నెలలు శిక్షణను ఆపించి, ఒంట్లో బాగాలేనప్పుడు పరుగెత్తవద్దని గట్టిగా చెప్పింది. ఇది అరుదైన జబ్బు, ప్రతి జలుబుకూ హడలిపోవాల్సిన పని లేదు. కానీ ఏ జ్వరం వెనక అది దాగి ఉందో గ్రౌండ్‌లో నిలబడి చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. జ్వరం తర్వాతి రోజుల్లో ఛాతీలో నొప్పి, గుండె దడ, మెట్లెక్కితేనే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనిపించినా పరుగు ఆపి, ఈసీజీ తీసే ఆసుపత్రికి వెళ్లాలి. మయోకార్డైటిస్ అని తేలితే మూడు నుంచి ఆరు నెలలు కఠిన వ్యాయామం మానాల్సిందే. అక్కడ నోటిఫికేషన్ తేదీలు చూసుకోవడానికి వీల్లేదు.

జ్వరంతో పరుగెత్తడంలో మరో ముప్పు వేడి. మామూలుగానే గట్టి పరుగులో ఒంటి లోపలి వేడి ఒకటి రెండు డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. అప్పటికే జ్వరంతో ఒక డిగ్రీ ఎక్కువ ఉంటే, పైన ఉక్కపోతకు చెమట ఆరకపోతే, వడదెబ్బ దాకా వెళ్లడానికి ఎక్కువసేపు పట్టదు. కోస్తా జిల్లాల్లో సెప్టెంబరు ఎండకూ ఈ మాట వర్తిస్తుంది.

వడదెబ్బ మాట వచ్చింది కాబట్టి మందుల గురించి కాస్త ఎక్కువ రాయక తప్పదు. మెడికల్ షాపులో ‘జలుబు మాత్ర’ అని అడిగితే ఇచ్చేది చాలావరకు మూడు మందుల కలగలుపు: పారాసిటమాల్, ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ గానీ సెట్రిజిన్ గానీ. క్లోర్‌ఫెనిరమిన్ నిద్రమత్తు తెస్తుంది, చెమటను తగ్గిస్తుంది. దాన్ని వేసుకుని ఎండలో పరుగెత్తితే ఒళ్లు చల్లబడే దారి మూసుకుంటుంది. నోటి ద్వారా తీసుకునే ఫినైలెఫ్రిన్ ముక్కు దిబ్బడను తగ్గించడం లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం 2023లో తేల్చింది. ఈ కలగలుపు మాత్రలోనే పారాసిటమాల్ ఉందన్న సంగతి మరిచి, జ్వరానికని విడిగా 650 మాత్రలు వేసుకునేవాళ్లు చాలామంది. పెద్దవాళ్లకు రోజుకు అన్నీ కలిపి 4 గ్రాములే గరిష్ఠం. 650 మాత్రలైతే ఆరుతోనే ఆ హద్దుకు చేరతాం. దాటితే కాలేయం దెబ్బతింటుంది. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకుని, నీళ్లు సరిగా తాగకుండా పరుగెత్తితే కిడ్నీలకు హాని.

యాంటీబయాటిక్ వైరస్ జలుబుకు పని చేయదు. మూడు రోజుల అజిత్రోమైసిన్ కోర్సు వాడాక జలుబు తగ్గిందంటే, దానంతటదే తగ్గే సమయానికి మనం మందు వేసుకున్నామని అర్థం. ఇంకా దారుణమైనది, ‘రేపు ఈవెంట్ ఉంది, ఏదైనా ఇంజెక్షన్ వేయండి’ అని ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లడం. అలా వేసేవాటిలో డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే జ్వరం దిగుతుంది, హుషారు వస్తుంది, లోపలి జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. ఆ హుషారులో తీసే పరుగే అన్నిటికంటే ప్రమాదం. ముక్కులో వేసే జైలోమెటాజొలిన్ చుక్కలు మూడు నుంచి ఐదు రోజులకు మించి వాడితే, ఆపగానే ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది.

పోటీల్లో పాల్గొనే క్రీడాకారులు సూడోఎఫెడ్రిన్ (ముక్కు దిబ్బడ తగ్గించే మందు, పోటీ రోజున ఒంట్లో హద్దు దాటి ఉంటే డోపింగ్ కింద లెక్క) ఉన్న మాత్రల విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. సిడ్నీ ఒలింపిక్స్‌లో 2000లో రొమేనియా జిమ్నాస్ట్ ఆండ్రియా రడుకాన్ స్వర్ణ పతకం పోగొట్టుకుంది జలుబు మాత్రతోనే.

ఇంటి వైద్యంలో పనికొచ్చేవి ఉన్నాయి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో అర టీస్పూను ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే గొంతుకు హాయి. దగ్గుకు పడుకునే ముందు ఒక టీస్పూను తేనె మంచిదే, ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం పెట్టకూడదు. జలనేతి (ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం) చేసేవాళ్లు మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు వద్దు. ఆవిరి పట్టడం హాయినిస్తుంది తప్ప వైరస్‌ను చంపదు. మరిగే గిన్నె ఒళ్లో ఒలికి కాలిన గాయాలతో ఆసుపత్రులకు వచ్చే పిల్లలు ఉన్నారు. గిన్నెను పొయ్యి మీంచి దించి, కదలని బల్ల మీద పెట్టి, పిల్లలను దూరంగా ఉంచాలి.

వానాకాలంలో మన రెండు రాష్ట్రాల్లోనూ మరిచిపోకూడనిది డెంగీ. జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా విరిచినట్టుగా ఉంటే దాన్ని ఫ్లూ అనుకుని వదిలేయొద్దు. డెంగీలో ప్రమాదం జ్వరం తగ్గేటప్పుడు, అంటే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య మొదలవుతుంది. ‘జ్వరం దిగింది కదా’ అని ఆ రోజుల్లో గ్రౌండ్‌కు వెళ్లడం పెద్ద తప్పు. రక్త పరీక్షలో ప్లేట్‌లెట్లు, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల వంతు) చూశాకే తర్వాతి మాట. డెంగీ అనుమానం ఉంటే డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఆస్పిరిన్ ముట్టుకోకూడదు.

పిల్లలు ఇవన్నీ తెలిసీ ఆగరు. దానికి కారణం భయం. వారం ఆపితే స్టామినా పోతుందని, కటాఫ్ దాటలేమని. ఎడ్వర్డ్ కోయిల్ బృందం 1984లో ప్రచురించిన అధ్యయనంలో బాగా శిక్షణ పొందిన ఏడుగురు క్రీడాకారులు పూర్తిగా సాధన మానేస్తే, ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం మొదటి 21 రోజుల్లో తగ్గింది 7 శాతమే. నాలుగైదు రోజుల విశ్రాంతికి పోయేది బహు కొద్ది. అదే ఫ్లూలో పరుగెత్తి జబ్బు ముదిరితే పోయేవి వారాలు. పైగా అసలు నష్టం చాలామందికి నిద్రలో జరుగుతోంది. అర్ధరాత్రి దాకా చదివి నాలుగింటికి లేచేవాళ్లు ఎందరో. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో 164 మందికి జలుబు వైరస్ ఎక్కించి చూస్తే, ఆరు గంటల కంటే తక్కువ నిద్రపోయినవాళ్లకు, ఏడు గంటలకు పైగా నిద్రపోయినవాళ్ల కంటే జలుబు వచ్చే అవకాశం నాలుగు రెట్లకు పైగా కనిపించింది. ఈవెంట్‌కు ముందు రెండు వారాలు రోజుకు రెండు పూటలా పరుగెత్తించే శిక్షకులు, ఒక పూట తగ్గించి ఆ సమయాన్ని నిద్రకు వదిలితే ఫలితం బాగుంటుంది.

తిరిగి మొదలుపెట్టడం ఎలా? మాత్ర లేకుండా 24 గంటలు జ్వరం రాకుండా ఉండాలి, నాడి మీ సగటుకు చేరాలి, రెండు పూటలా అన్నం సహించాలి. మొదటి రోజు 15 నుంచి 20 నిమిషాల నడక. రెండో రోజు 30 నిమిషాల వేగపు నడక. మూడో రోజు 15 నిమిషాల నెమ్మది జాగింగ్. నాలుగో రోజు 25 నిమిషాలు. ఆ తర్వాతే మామూలు దూరంలో ముప్పాతిక వంతు, ఆపైన వేగం. ఏ రోజైనా మర్నాడు పొద్దున నాడి 10 పెరిగితే ఒక మెట్టు వెనక్కి రావాలి. ఎన్ని రోజులు జ్వరం ఉందో కనీసం అన్ని రోజులు తేలిక సాధన అన్నది గుర్తుంచుకోవడానికి వీలైన లెక్క. వైద్యుడు నిర్ధారించిన ఫ్లూ అయితే టైమ్ ట్రయల్ జ్వరం తగ్గిన వారం తర్వాతే.

జలుబు పూర్తిగా పోయాక కూడా పరుగు మధ్యలో దగ్గు తెర, పిల్లికూతలు వస్తే అది స్టామినా తగ్గడం కాదు. వైరస్ వల్ల శ్వాసనాళాలు కొన్ని వారాలపాటు సున్నితంగా ఉంటాయి, తెల్లవారుజాము చల్లగాలికీ గ్రౌండ్ దుమ్ముకూ బిగుసుకుంటాయి. పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా వార్మప్ చేస్తే, ఎండ కాస్త వచ్చాక పరుగెత్తితే చాలామందికి సర్దుకుంటుంది. మూడు వారాలు దాటినా దగ్గు ఉంటే వైద్యుణ్ణి కలవాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ ఇంట్లో వదిలి గ్రౌండ్‌కు రాకూడదు.

జలుబు మొదటి రెండు మూడు రోజుల్లో ఎక్కువగా అంటుకుంటుంది. ఒకే సీసా నీళ్లు పదిమంది తాగడం, ఒకే తువ్వాలుతో తుడుచుకోవడం, జిమ్ బెంచీలు తుడవకపోవడం వల్ల ఒక్కరి జలుబు బ్యాచ్ మొత్తానికి పాకుతుంది. ఆ రోజుల్లో నడక కూడా విడిగా, ఆరుబయట చేసుకోవాలి.

చివరగా రెండు విన్నపాలు. శిక్షణ అకాడమీలు, డిగ్రీ కాలేజీల వ్యాయామ విభాగాలు ఒక డిజిటల్ థర్మామీటరు, పేరు పేరునా ఉదయం నాడి రాసే ఒక పుస్తకం పెట్టాలి. సెలవు అడిగిన పిల్లవాణ్ణి ‘బద్ధకం’ అని నలుగురిలో తిట్టడం ఆపాలి. ఈవెంట్స్ నిర్వహించే నియామక మండళ్లు 1600 మీటర్ల పరుగుకు ముందు ప్రతి అభ్యర్థి ఉష్ణోగ్రత, నాడి చూడాలి. పరుగు రోజున జ్వరం ఉన్నవాళ్లకు మరో తేదీ ఇస్తారా, ఎన్ని రోజుల్లోపు ఇస్తారు, ఏ స్థాయి వైద్యుడి ధ్రువపత్రం తేవాలి, గ్రౌండ్‌లో ఏ అధికారిని కలవాలి అన్న నాలుగు వివరాలను అడ్మిట్ కార్డు మీదే తెలుగులో అచ్చు వేయాలని రెండు రాష్ట్రాల మండళ్లను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
ఖమ్మం